సూదులయ్య ముక్కు

అడవి చాలా పెద్దదే గానీ, వేసవి వస్తే అందులో మిగిలేది ఒక్క మడుగే. ఎవరి అడుగు పెద్దదైతే వాళ్ళ వంతు ముందు. అది పంచాయతీ పెట్టి మరీ చేసుకున్న కట్టుబాటు. ఏనుగులు తాగి, మునిగి, ఒళ్ళు రుద్దుకున్నాక దున్నలు, దున్నల తర్వాత పందులు. కుందేళ్ళ వంతు వచ్చేసరికి మిగిలేది నీళ్ళు అని పిలవడానికి మొహమాటపడాల్సిన బురద.

ఆ బురద తాగి కుందేలు తెల్లమ్మ పిల్లలు కడుపునొప్పితో పడ్డాయి.

పక్క పొదలో ఉండే ముళ్ళపంది సూదులయ్యకి ఒళ్ళు మండిపోయింది. ఆయన బొమ్మలు వేస్తాడు. ఊడిన ముల్లే కుంచె, నేరేడుపళ్ళ రసమే రంగు. రసం పిండిపెట్టేది తెల్లమ్మ. "చూస్తూ ఉండు చెల్లెమ్మా, ఇక వీళ్ళు సిగ్గుతో తల ఎత్తలేరు," అని మడుగు పక్క బండ మీద పంచాయతీ ప్రెసిడెంటు, ఏనుగు కుంభయ్యగారి బొమ్మ వేశాడు. బొమ్మలో ఏనుగు మడుగంతా పొట్టలో పోసుకుని కూర్చుంది. చిన్న జీవాలు దాని కాలిగోరు నాకుతున్నాయి.

తెల్లారి కుంభయ్యగారు వచ్చి బొమ్మ ముందు ఆగారు. సూదులయ్య పొదలోంచి తొంగిచూశాడు. కుంభయ్యగారు అటునుంచి చూశారు, ఇటునుంచి చూశారు, మురిసిపోయారు. పొట్ట ఎంత నిండుగా వచ్చిందో అని భార్యని పిలిచి చూపించారు.

మధ్యాహ్నానికి అడవిదున్న వచ్చి, తన బొమ్మ ఎందుకు వెయ్యలేదని, తానేం తక్కువ తిన్నానని నిలదీసింది. అడవిపంది మాత్రం చాటుగా వచ్చి, తన పొట్ట ఏనుగు పొట్టకంటే కాస్త పెద్దదిగా వెయ్యమని, ఈ సంగతి మనలో మనకే ఉండాలని చెప్పి పోయింది.

కోపం కొద్దీ సూదులయ్య ఇంకా ఘోరంగా వేశాడు. వాళ్ళు ఇంకా సంతోషించారు. ఆఖరికి సభ పెట్టి ఆయనకి శాలువా కప్పారు. కప్పగానే ముళ్ళు గుచ్చుకుని అది జల్లెడైపోయింది. అయినా అందరూ తోకలూపారు.

"మమ్మల్ని తిట్టే కళాకారుణ్ణి మేమే పోషిస్తున్నాం. ఇంతకంటే సమానత్వం ఏ అడవిలో ఉంది? ఇవాళ్టి నుంచి సూదులయ్యగారి వంతు మాతోపాటే," అని కుంభయ్యగారు ప్రకటించారు.

సూదులయ్య వద్దందామనే అనుకున్నాడు. కానీ ముందు ఒక్క గుక్క తాగాడు. బుద్ధెరిగాక వేసవిలో తేటనీళ్ళు తాగడం అదే మొదలు. దగ్గర్నుంచి చూస్తేనే కదా బాగా గియ్యగలం అని సర్దిచెప్పుకుని మెడదాకా దిగాడు. పిల్లలకి ఇంకా తగ్గలేదని తెల్లమ్మ గట్టుమీంచి మొరపెట్టుకుంటే, "కళ పనిచెయ్యడానికి కాస్త టైము పడుతుందమ్మా," అన్నాడు, వీపు రుద్దుకుంటూ.

తెల్లమ్మ గట్టు దిగి వచ్చింది. అక్కడ ఊడిపడిన ముల్లు ఒకటి ఏరుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సూదులయ్య ఏనుగుల మధ్య నీళ్ళలో కూర్చుని తలెత్తితే, బండ మీద కొత్త బొమ్మ కనిపించింది. జల్లెడ శాలువా కప్పుకున్న ముళ్ళపంది ఏనుగు వీపు తోముతోంది. ముక్కు గుమ్మడికాయంత ఉంది.

పెద్దలు పడీపడీ నవ్వారు. "ముక్కు అచ్చం నీదేనయ్యా," అన్నారు కుంభయ్యగారు.

"నా ముక్కు అలా ఉంటుందా? ఇదీ ఒక కళేనా?" అని సూదులయ్య ఊగిపోయాడు.

ముళ్ళపందికి కోపమొస్తే ఏమవుతుందో కళాపోషణలో పడి పెద్దలు మర్చిపోయారు. ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. కుంభయ్యగారికి చెప్పుకోలేనిచోట దిగబడ్డాయి. ఆయన వెళ్ళి గట్టున వంతుకి నిలబడ్డ దున్న మీద పడ్డారు, దున్న పంది మీద పడింది, అందరూ ఘీంకరించుకుంటూ కొండవతలికి లగెత్తారు.

కాసేపటికి బురద అడుక్కి దిగి మడుగు తేటపడింది. తెల్లమ్మ పిల్లల్ని తీసుకొచ్చి కడుపునిండా తాగించింది.

సూదులయ్య కోపం చల్లారేదాకా పెద్దలెవరూ మడుగులో దిగకూడదని పంచాయతీ తీర్మానించింది. చల్లారనిస్తేగా? తెల్లమ్మ రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ ముక్కుని ఇంకాస్త పెంచి వస్తోంది.

నీతి: కళ సమాజాన్ని తప్పకుండా మారుస్తుంది, కళాకారుడికి ఒళ్ళు మండేలా గీస్తే చాలు.