అక్షిత హాజరు

ఫోను చూసి హాజరు వేసే టీచర్లకు పిల్లల మొహాలు గుర్తుండవు. లింగస్వామి దృష్టిలో ఇది వాదించాల్సిన విషయం కాదు, ఎప్పుడో తేలిపోయిన విషయం.

బడులు తెరిచిన సోమవారం ఆయన పెట్టుకున్న పనులు చిన్నవి. రెండో తరగతికి వచ్చిన మనవరాలు అక్షితను తొమ్మిదికి బడిలో దింపాలి, హోటల్లో చాయ్ తాగాలి, నారుమడి చూసుకోవాలి. భార్య పోయిన ఈ నాలుగేళ్ళలో పొద్దున లేవడానికి ఆయనకు మిగిలిన కారణం పిల్లను బడికి నడిపించుకుపోవడం ఒక్కటే. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనే మనిషి కాదు.

మంజులత టీచర్ ఒక్కొక్క పిల్ల మొహానికీ ఫోను పట్టింది. అది గుర్తుపడితే హాజరు, లేకపోతే గైర్హాజరు. ఏదైనా సరే, ఇంటికి మెసేజ్ వెళ్తుంది. అక్షిత దగ్గర ఎర్రగీత వచ్చింది. ఫోనులో ఉన్నది నిరుటి రెండు జడల అక్షిత. ముందు నిలబడ్డది ఎండాకాలంలో యాదగిరిగుట్టలో గుండు చేయించుకున్న అక్షిత. మొక్కు తాతదే.

"తాతా, ఫోను గుర్తువడ్తలేదు," అంది టీచర్.

"నువ్వు గుర్తువడ్తున్నవా లేదా?"

"నేను గుర్తువడితే నడవది తాతా."

చిట్యాల దగ్గర మందుల కంపెనీలో పనిచేసే కోడలు దీప్తికి పది గంటలకు మెసేజ్ చేరింది. వెంటనే ఫోను చేసింది.

"మామా, పిల్లేది?"

"బడిల ఉంది."

"లేదని బడే చెప్తాంది గదా!"

"బడికేం తెలుసు?"

ఈ జవాబుతో ఆమె ఫికరు ఇంకా పెరిగింది. మామ పిల్లను నారుమడి గట్టున కూర్చోబెడుతున్నాడని అనుమానం. సాయంత్రం వస్తూనే తేల్చి చెప్పింది. "శుక్రవారం దాంక చూస్త. అప్పటికీ గిట్లనే మెసేజ్ వస్తే చిట్యాల ప్రైవేటు బడిల వేస్త. బస్సు వాకిట్లకే వస్తది. నీకూ తిప్పలుండది."

తిప్పలు లేని పొద్దు ఎట్లా ఉంటుందో లింగస్వామికి తెలుసు. మంగళవారం పెందలాడే పెట్టె తెరిచి, భార్య జడలో కలిపి అల్లుకునే సవరం బయటికి తీశాడు. దాన్ని రెండుగా చీల్చి, రుమాలుకు కుట్టి, పిల్ల గుండుకు కట్టాడు.

ఫోను ఈసారి కొంచెంసేపు ఆలోచించింది. పచ్చగీత చూపింది. హమ్మయ్య అనబోయి టీచర్ ఆగిపోయింది. కింద 'జేబా హాజరు' అని ఉంది.

జేబా అదే తరగతి పిల్ల. ఆ పొద్దు జ్వరంతో ఇంట్లో పడుకుంది. కూతురు బడికి చేరిందన్న మెసేజ్ చదివి తల్లి అజీజా బేగం మంచం వైపు చూసింది. పిల్ల మంచంలోనే ఉంది. దుప్పటి తీసి మరోసారి చూసింది. తర్వాత బడికి పరుగెత్తింది.

"నా బిడ్డ పేరు మీద ఎవరిని కూసోబెట్టిన్రు మేడం?"

మంజులత అక్షితను చూపించింది. సవరం అప్పటికే ఒక చెవి మీదికి జారింది.

"యా అల్లా! లింగన్నా, గిదేం వేషం?"

"వేషం కాదు. జడ."

బుధవారం సవరం లేదు. ఎర్రగీత. గురువారం తాత నిరుటి ఫోటో తెచ్చి ఫోను ముందు పట్టాడు. ఫోను రెప్ప కొట్టమంది. ఫోటో కొట్టలేదు.

శుక్రవారం మండల ఆఫీసు నుంచి కంప్యూటర్ ఆపరేటర్ విజేందర్ వచ్చాడు. దీప్తి కూడా సగం పూట సెలవు పెట్టి వచ్చి తరగతి గడప దగ్గర నిలబడింది.

"గింతేనా? పాత ఫోటో తీసేసి కొత్తది ఎక్కిస్త," అన్నాడు విజేందర్.

అందరూ చూస్తుంటే అక్షిత సిగ్గుపడి గుండు వంచేసింది. లింగస్వామి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గడ్డం పట్టి లేపాడు. "తల ఎత్తు బిడ్డా. దొంగతనం చేసినవా?"

ఫోను టక్కుమంది. పచ్చగీత. దీప్తి చేతిలో మెసేజ్ మోగింది: అక్షిత హాజరు.

దీప్తి ఊపిరి వదిలింది. "సరే మామా. గీ బడిలనే సదవనీ. పొద్దుగాల నువ్వే తోలుకపో."

లింగస్వామి కండువాతో మొహం తుడుచుకుని హోటల్‌కు నడిచాడు. వారంలో మొదటిసారి చాయ్ రుచి తెలిసింది. రెండోది కూడా తాగాడు.

శనివారం అక్షిత ముందు ఫోను మళ్ళీ ఎర్రగీత చూపింది. టీచర్ ఫోను చేసి విజేందర్‌తో మాట్లాడింది. తర్వాత వాకిట్లో చెప్పులు తొడుక్కుంటున్న లింగస్వామిని పిలిచింది.

"తాతా, జర గిట్ల రా. రెప్ప కొట్టు."

కొట్టాడు. పచ్చగీత. అక్షిత హాజరు.

నిన్న పిల్ల పక్కన కూర్చున్న ఆయన మొహాన్నే ఫోను ఎక్కించుకుంది. ఒకసారి ఫోటో మారిస్తే మళ్ళీ నెల దాకా మార్చడం కుదరదట.

"ఫికర్ లేదు తాతా," అంది మంజులత, నవ్వు ఆపుకుంటూ. "పిల్లకు జరమొచ్చినా నువ్వొస్తే చాలు."

ఆ నెలలో రెండో తరగతికి ఒక్క రోజు కూడా నాగా పెట్టనిది ఆయన ఒక్కడే. బడి గేటు దగ్గర అజీజా బేగం ఆపి అడిగింది. "లింగన్నా, ఎక్కాలు ఎందాంక వచ్చినయ్?"

"గా ముచ్చట నా ముందట ఎత్తకు. నేనైతే సచ్చేదాంక ఎత్తను."

ఎత్తలేదు. టీచర్ 'అక్షిత' అని పిలిస్తే లేచి నిలబడేవాడు, అంతే.