తాత కట్టి విడిచిన చొక్కా

తాత పెద్దకర్మ మధ్యాహ్నం భోజనాలతో అయిపోతుంది, సాయంత్రం బస్సెక్కితే రాత్రికల్లా విజయనగరం చేరొచ్చు, మర్నాడు పరీక్షకి హాజరవ్వచ్చు. ఆ ఉదయం సింధూరి వేసుకున్న పథకం ఇంతే. చావింట్లో వేసుకునే పథకాలు ఎలా తగలడతాయో ఆ పిల్లకి ఇంకా తెలియదు పాపం.

సింధూరి విజయనగరంలో ఒక నాటక పాఠశాలలో, నాటకాలకీ సినిమాలకీ దుస్తులు తయారుచేసే చదువు చదువుతోంది. బొబ్బిలి దగ్గరున్న ఆ ఊళ్ళో మాత్రం నర్సింగ్ చదువుతున్నట్టు లెక్క. కూతుర్ని నాటకాల బళ్ళో చేర్చానని చెప్పుకోవడానికి నామోషీపడి, తండ్రి జోగయ్య అలా ప్రచారం చేసుకున్నాడు. దాంతో సెలవులకి వచ్చినప్పుడల్లా ఊళ్ళోవాళ్ళు చేతులు చాపి బీపీ చూడమనేవాళ్ళు. ఆ పిల్ల తలనొప్పని పడుకునేది.

"ఈ పరీచ్చ తప్పినావంటే మీ మావ బట్టల కొట్లో కూకోడమే! కొత్త బట్టలు పాడుసెయ్యడానికి కూడా కాలేజీ ఏటే?" అని జోగయ్య ముందే తేల్చేశాడు. ఆ మావ పేరు అసిరినాయుడు, జోగయ్య చెల్లెలి మొగుడు. బొబ్బిలిలో ఆయనకి రెడీమేడ్ కొట్టుంది.

జోగయ్య మాటలో అబద్ధం లేదు. పరీక్ష అదే. కొత్త బట్టని, ఒకే మనిషి ఏళ్ళ తరబడి కట్టినట్టు పాతబట్టగా మార్చాలి. "చొక్కా చూడగానే లోపలి మనిషి కనిపించాలి" అంటుంది వాళ్ళ రేఖ మేడం. సింధూరి తన తాత అప్పలస్వామిని ఎంచుకుంది. మావ కొట్లోనే తెల్ల చొక్కా, పంచె కొని టీ నీళ్ళలో ఉడకబెట్టింది. కావిడి మోసే కుడిభుజం దగ్గర గరుకు కాగితంతో అరగదీసింది. జేబు పక్కన చుట్ట నిప్పుతో చిల్లి పెట్టింది. పంచె అంచుకి బురద పట్టించింది. నానమ్మ కుట్టే పద్ధతిలోనే పై గుండీ నల్లదారంతో కుట్టింది. పని సగంలో ఉండగా తాత పోయాడు. మిగతా సగం ఏడుస్తూ చేసింది. అంత బాగా ఆ పిల్ల ఇంతకుముందెప్పుడూ చేయలేదు.

హాస్టల్లో వదిలితే ఎవరైనా మసిగుడ్డ అనుకుని నేల తుడిచేస్తారన్న భయంతో, దాన్ని మడతపెట్టి, కొన్ననాటి కవర్లోనే పెట్టుకుని ఊరికి తెచ్చుకుంది. ఒకసారి తీసి చూసుకుని, మళ్ళీ కవర్లో పెట్టి మంచం మీద ఉంచి, అప్పడాలు వేయించడానికి వెళ్ళింది. తాతకి పెట్టాల్సిన కొత్త బట్టలు అసిరినాయుడు తెచ్చాడు. అవి పెట్టె మీద ఉన్నాయి, అదే కొట్టు కవర్లో. జోగయ్య హడావిడిగా వచ్చి మంచం మీది కవరు పట్టుకుపోయాడు.

ఆ ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, పెద్దకర్మనాడు పోయిన మనిషి ఫొటో ముందు అన్నం, కొత్త బట్టలు పెట్టి తలుపు మూస్తారు. ఆయన వచ్చి తిని, బట్టలు ముట్టి వెళ్తాడు. తర్వాత ఆ బట్టలు అల్లుడికి చెందుతాయి. అంటే, అసిరినాయుడు అమ్మిన బట్టలు అసిరినాయుడికే తిరిగొస్తాయి. ఆయన ఏడుస్తూనే ఆ సంగతి గుర్తుంచుకున్నాడు.

"కవరు ఇప్పకు బావా! పసుపు కవరు మీదే ఎట్టీ. బట్టకంటితే మరక పోదు."

జోగయ్య అలాగే పెట్టి తలుపు మూశాడు. కాసేపటికి ఊరిపెద్ద తలుపు తీయించి, కవరు విప్పి, చొక్కా దులిపి అందరికీ చూపించాడు. వరండాలో ఉన్నవాళ్ళంతా ముందుకి వంగారు.

"ఇదేటిది? పాతబట్టెట్టినారేటి?"

అందరూ అసిరినాయుడి వైపు తిరిగారు. "సచ్చినోడికి కూడా పాత సరుకంటగట్టీసినాడు సూడు" అని వెనకనించి ఎవరో అన్నారు. వ్యాపారం కళ్ళముందే మునిగిపోతుంటే అసిరినాయుడికి చెమట్లు పట్టాయి. గుడ్లప్పగించి చొక్కా వైపే చూస్తున్నవాడల్లా, జేబు దగ్గర చిల్లి కనబడగానే ఎగిరి గంతేశాడు.

"ఓలమ్మో! మావ వొచ్చీసినాడు! కట్టీసినాడు! సుట్ట నిప్పు సూడండి!"

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. ఒకడు పంచె అంచుకి బురద చూపించాడు. ఇంకొకడు అరిగిన భుజం పట్టుకుని, "కావిడి కూడా మోసీసినాడురా" అన్నాడు. "మరేటి సేస్తాడు? ఊడుపులు ఒగ్గీసి కొడుకు కూకుంటే, సచ్చినా దిగాల గదా" అని ఒకావిడ ముక్కు చీదింది. జోగయ్య ఫొటో ముందు బోర్లాపడి, "నాన్నా, రేపే ఊడిపించీస్తాను, నువ్వు దిగకు నాన్నా" అని భోరుమన్నాడు.

కేకలు విని వచ్చిన సింధూరికి విషయం అర్థమై పై ప్రాణాలు పైనే పోయాయి.

"నాన్నా, అది తాత కట్టింది కాదు. నాను సేసింది. నా పరీచ్చ సొక్కా!"

"నర్సులకి సొక్కా పరీచ్చ ఏటమ్మా?" అని ఊరిపెద్ద అడిగాడు.

జోగయ్య లేచి కూతురి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడమే ఉంది. "బెంగెట్టీసుకుంది గుంట. తాతంటే పేనం దానికి" అన్నాడు. వెంటనే ఆడవాళ్ళు సింధూరి మొహాన నీళ్ళు కొట్టి, పట్టుకుని కూర్చోబెట్టారు. అసిరినాయుడు వంగి చెవిలో గొణిగాడు.

"నోరుమూసుకో అమ్మీ. అప్పుడే ముగ్గురు కొట్టెక్కడని అడిగీసినారు."

ఊరిపెద్ద తీర్పు చెప్పాడు. పోయినవాడు కట్టి విడిచిన బట్ట ఇంట్లో ఉంచితే మళ్ళీ వస్తాడు, కాటికి పట్టుకెళ్ళి కాల్చేయాలి. మగవాళ్ళు బయల్దేరారు. సింధూరి వెంటపడింది, గానీ ఆడపిల్ల కాటికి రాకూడదని వీధి మలుపులో ఆపేశారు. ఊరవతల పొగ లేచింది. తాతని కాల్చిననాటి కంటే ఎక్కువ ఏడ్చింది ఆ పిల్ల. అందుకు తనమీద తనకే అసహ్యం కూడా వేసింది.

ఇంటికొచ్చేసరికి నానమ్మ లక్ష్మణమ్మ లోపలికి పిలిచింది.

"నువ్వు సేసిందేనని నాకు తెల్సే. మీ తాత బతికుండగా ఎంత బతిమాలినా కొత్తబట్ట కట్టనేదు. సచ్చినాక కడతాడేటి?"

"మరి అప్పుడే సెప్పొచ్చుగా నానమ్మా?"

"వొచ్చినాడు, వొచ్చినాడు అని అందరూ అంటంటే ఇనడానికి బాగున్నాదే. ఊరుకున్నాను."

ఆవిడ తలగడ గలీబులోంచి ఒక చొక్కా తీసింది. కుడిభుజం అరిగి, జేబు పక్కన చిల్లి పడి, పై గుండీ నల్లదారంతో ఉంది. తాత పోయిన రోజు ఆయన బట్టలన్నీ కాల్చేస్తుంటే దాచుకున్నది అదొక్కటే. ఇంకా చుట్ట కంపు కొడుతోంది.

"ఇది పట్టుకెల్లి సూపించు. మళ్ళీ నాకిచ్చీ. బేగెల్లు, బస్సెలిపోద్ది."

తప్పని సింధూరికి తెలుసు. అయినా తీసుకుంది.

మర్నాడు రేఖ మేడం ఆ చొక్కాని కిటికీ వెలుతుర్లో పట్టుకుని చాలాసేపు చూసింది. కావిడి మోసేవాడి భుజం ఇలా అరగదంది. చిల్లి కావాలని పెట్టినట్టుందంది. నల్లదారం మరీ అతి అంది.

"శ్రమ కనిపిస్తోంది సింధూరీ, మనిషి కనిపించలేదు" అని పరీక్ష తప్పించేసింది.

ఇది నిజం చొక్కా మేడం అనడానికి సింధూరికి నోరెక్కడిది? ఊరొచ్చి చొక్కా నానమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఏటన్నాది మీ పంతులమ్మ?"

"ఇందులో మనిషి కనిపించలేదంది."

లక్ష్మణమ్మ చొక్కా గుండీలన్నీ ఒక్కొక్కటే పెట్టి, మడిచి, మళ్ళీ తలగడలోకి తోసింది.

"నిజిమే అన్నాదే. నానూ ఎతుకుతన్నాను" అంది.

ఇప్పుడు సింధూరి మావ కొట్లో కూర్చుంటోంది. పెద్దకర్మ బట్టలకి గిరాకీ బాగుంది.