పొద్దున్న ఏడింటి పాట

పక్కగదిలో స్పీకరు పెట్టి పాట మోగించే మనిషిని మించిన ఉపకారి ఈ లోకంలో లేరు!

నవ్వకండి. బాగా ఆలోచించి చెబుతున్న మాట. అలారం మోగితే దాని నెత్తిన ఒక్కటి మొట్టి మళ్ళీ ముసుగు తన్నుతారు. పక్కగది పాటను మొట్టగలరా? నడవండి మహాప్రభో అని డాక్టర్లు మొత్తుకున్నా వినని వాళ్ళు సైతం, పాట మొదలవగానే మంచం దిగి, గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు పళ్ళు నూరుతూ పచార్లు చేస్తారు. ఏళ్ళ తరబడి దేవుణ్ణి తలవని వాళ్ళు ఠంచనుగా రోజూ ఒకే వేళకు తలుచుకుంటారు. ఇన్ని మేళ్ళు ఉచితంగా చేసే మనిషి మీద ఫిర్యాదు చేయడం కృతఘ్నత కాదూ?

ఇది అలాంటి ఒక కృతఘ్నురాలి కథ.

ఆమెకు ఇరవై ఆరేళ్ళు. ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, కిటికీకి ఇవతల నుంచి సన్నటి కూతలు పంపుతుంది. వినబడిన ప్రతిసారీ లోపలి మనిషి బటన్ నొక్కాలి. రోజుకు ఇరవై మంది చెవుల గుట్టు చెప్పగల మనిషి కాబట్టి ఇంట్లో ఆమెకు 'చెవులమ్మ' అని పేరు.

ఇంట్లో అంటే, ఆమె కాక మరో ఇద్దరు. ఒకామె నర్సు. వయసులోనూ గొంతులోనూ పెద్దది, అందుకని నర్సక్క. రెండో అమ్మాయి పెయింట్ల దుకాణంలో మెషిన్ దగ్గర రంగులు కలుపుతుంది. గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. వచ్చి ఎనిమిది నెలలైంది. ఆమె రంగులమ్మాయి.

నిజానికి ఆ మేడ మీద వాటాలో ఉన్నవి రెండు గదులే. ఓనరుగారి మేధస్సు వల్ల మూడయ్యాయి. హాలుకు అడ్డంగా ప్లైవుడ్డు చెక్క నిలబెట్టి, దానికి సున్నం రంగు వేయించి, 'గోడ' అని నామకరణం చేశారాయన. ఆ గోడకు ఇటు చెవులమ్మ, అటు రంగులమ్మాయి. అటుపక్క దువ్వెన కింద పడితే, పెద్ద పళ్ళ వైపు పడిందో చిన్న పళ్ళ వైపు పడిందో ఇటు నుంచి చెప్పేయవచ్చు!

ఇక పాట సంగతి. రోజూ పొద్దున్న ఏడింటికి మొదలవుతుంది. ముందు ఎవరో డబ్బా మీద బాదినట్టు డబడబా. తరువాత ఒక కుర్రగాయని ముక్కుతో, 'వస్తే వస్తా, రాకుంటే రానంతే!' అంటుంది. పోనీ, రాకపోతే పోయె, ఒక్కసారి చెబితే అర్థం కాదా? పదకొండుసార్లు చెబుతుంది. చెవులమ్మ లెక్కపెట్టింది. పాట అయిపోతుంది. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ డబడబా. ఎనిమిది నెలల్లో రంగులమ్మాయి ఆ పాటను ఒక్కరోజైనా మార్చిందా? లేదు. ఇంతటి నియమనిష్ఠ ఈ రోజుల్లో ఎవరికుంది చెప్పండి!

అయినా చెవులమ్మ ఓర్చుకునేదే. ఆసుపత్రిలో పరువు పోకుండా ఉంటే.

ఒకరోజు పరీక్షకు ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టరుగారు వచ్చారు. గాజు కిటికీ గదిలో కూర్చున్నారు. చెవులమ్మ కూతలు పంపుతోంది, ఆయన బటన్ నొక్కుతున్నారు. కాసేపటికి ఆయన హెడ్‌ఫోన్లు తీసి, తలుపు కాస్త తెరిచి తల బయటపెట్టారు.

"అమ్మాయ్, ఒక సందేహం. కూతొస్తే నొక్కమన్నావు, నొక్కుతున్నాను. మధ్యలో ఎవరో రానంతే, రానంతే అంటున్నారు. దానికీ నొక్కాలా?"

లోపలి వాళ్ళతో మాట్లాడే మైకు ఆపడం మరచిపోయి, చెవులమ్మ కూనిరాగం తీస్తోంది!

ఆ సాయంత్రమే ఇంట్లో మీటింగ్ పెట్టింది. మీటింగంటే వంటగదిలో మూడు స్టూళ్ళు. నర్సక్క అధ్యక్షత.

"నాకు ఆదివారం ఒక్కటే నిద్ర. ఆ ఒక్కరోజూ ఏడింటికి ఆ పాడే పిల్ల వస్తానా రానా అని నన్నడుగుతుంది. వస్తే రా, లేకపోతే చావు, నాకెందుకే!" అంది నర్సక్క.

చెవులమ్మ అంత మొరటుగా మాట్లాడదు. చదువుకున్న మనిషి. శబ్దం వల్ల చెవులకు కలిగే నష్టం గురించి ఆసుపత్రిలో రోగులకు చెప్పే పాఠమంతా చెప్పింది. ఉమ్మడి ఇంట్లో ఉండవలసిన మర్యాదల గురించి చెప్పింది. చివర, తాను ఎంత సహనంగా మాట్లాడుతోందో కూడా చెప్పింది.

రంగులమ్మాయి తల వంచుకుని గోరు చివరి నీలం రంగు గీకుతోంది. తలెత్తి, "అది... అ..." అంది.

"అదే, ఇకనుంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటావు. అంతేగా?" అని చెవులమ్మ వాక్యం పూర్తిచేసింది.

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆమె వంక చూసింది. "సరే," అంది.

ఎంత మంచి పిల్ల! ఎదురు మాట లేదు, గొడవ లేదు. చెవులమ్మ ఆ రాత్రి తన చాకచక్యానికి తానే మురిసిపోయింది. ఒప్పించడం ఒక కళ అని అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

మర్నాడు ఏడయింది. ఇల్లంతా నిశ్శబ్దం.

అయ్యా, నిశ్శబ్దం గొప్పదని చెప్పేవాళ్ళెవరూ ప్లైవుడ్డు గోడ పక్కన కాపురం ఉండి ఉండరు. పాట ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో గోడ పని పాటే చేసింది. అది పోయేసరికి, నర్సక్క పుక్కిలించడం నుంచి కింద ఓనరుగారి ఆవలింత దాకా అన్నీ చెవులమ్మ గదిలోకి నడిచొచ్చేశాయి. మూడో రోజు చెక్కకు అవతలి నుంచి ఒక గుసగుస కూడా వచ్చింది.

"గు... గుడ్ మార్నింగ్ సార్. ఏ... ఏ రంగు కా... కావాలి?"

కాసేపు ఆగి, మళ్ళీ అదే. "లో... లోపలి గోడలకా సార్, బ... బ... బ..." అక్కడ మాట ఆగిపోయింది. గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు. మళ్ళీ మొదటి నుంచి, "గుడ్ మార్నింగ్ సార్."

చెవులమ్మ మంచం మీద అలాగే కూర్చుండిపోయింది.

ఎనిమిది నెలలు! కూత వినబడిందో లేదో కనిపెట్టి జీతం తీసుకునే మనిషికి, ఒకే వంటగదిలో తనతోపాటు టీ కాచుకునే అమ్మాయికి మాట తడబడుతుందని తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఆ అమ్మాయి ఎప్పుడు నోరు తెరిచినా, మిగతా సగం ఈమే అందిస్తూ వచ్చింది. 'పా...' అంటే 'పాలా? ఫ్రిజ్‌లో ఉన్నాయి' అనేది. 'తా...' అంటే 'తాళమా? మేకుకు ఉంది' అనేది. ఆ పిల్ల మితభాషి అని ఊరంతా చెప్పింది కూడా. మీటింగ్‌లో ఆ 'అది' తరువాత ఏముందో ఇప్పుడు అడుగుదామన్నా ముఖం చెల్లలేదు.

ఆసుపత్రిలో పక్కగది మాటల డాక్టరుది. తడబడే వాళ్ళకు మాట సాఫీ చేసే మేడం. చెవులమ్మ మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె దగ్గర కూర్చుంది.

"మేడం, మాట తడబడే వాళ్ళు పాట పాడితే తడబడరంటారు, నిజమేనా?"

"చాలామందికి నిజమే. ఎవరికి?"

"మా ఇంట్లో అమ్మాయికి. రోజూ ఒకటే పాట పెట్టుకునేది. నేను ఆపించేశాను మేడం. పాపం, అది ఆ అమ్మాయికి వైద్యమన్నమాట!"

మేడం డబ్బా మూత పెట్టి, "వైద్యమని ఆ అమ్మాయి చెప్పిందా?" అంది.

"లేదు."

"నువ్వడిగావా?"

"అడిగితే బాధపడుతుందేమోనని..."

"అడగకుండా తెలిసిపోయిందా? నీదే నయం. నాకు పదిహేనేళ్ళ సర్వీసులో ఒక్కరోజూ అలా తెలియలేదు," అని మేడం చేయి కడుక్కోవడానికి లేచింది.

చెవులమ్మకు ఆ మాట చెవికెక్కలేదు. పాపం చేశామన్న బాధ కంటే, దాన్ని కడుక్కోబోతున్నామన్న ఉత్సాహం మనిషిని ఎక్కువ ఊపేస్తుంది కదా! పాట తిరిగి రావాలి. కానీ తాను ఎందుకు మనసు మార్చుకుందో ఆ అమ్మాయికి తెలియకూడదు. ఎంతటి సున్నిత హృదయం!

మర్నాడు ఏడింటికి ఆ ఇంట్లో డబడబా మళ్ళీ మోగింది. ఈసారి మోగింది చెవులమ్మ గదిలో. సొంత ఫోన్‌లో, సొంత వేలితో, వాల్యూమ్ ఆ చివరిదాకా పెంచి పెట్టింది. మూడో 'రానంతే' దగ్గర తలుపు ధనధన మోగింది.

గుమ్మంలో నర్సక్క. తలకు తువ్వాలు, చేతిలో బ్రష్షు.

"నీకేమైనా మతిపోయిందా? మీటింగ్ పెట్టింది నువ్వేనా, మీ అక్కా చెల్లా?"

"నాకీ పాట నచ్చింది అక్కా. వినగా వినగా బాగుంది."

"నాలుగు రోజుల కింద చెవులు పాడైపోతాయని గంటసేపు క్లాసు పీకావు!"

"ఇందులో... ఇందులో రిథమ్ మంచిది. మెదడుకు మంచిది. కొందరికి చాలా అవసరం కూడా," అంటూ చెవులమ్మ నర్సక్కకు కనుసైగ చేసింది. నర్సక్కకు అర్థం కాలేదు. దానితో గొంతు తగ్గించి, చెక్క వైపు చూపిస్తూ, "ఆ అమ్మాయికి మాట కాస్త... నీకు తెలుసు కదా... పాట పెడితే సాయంగా ఉంటుందట," అంది.

ప్లైవుడ్డుకు ఇవతల గొంతు తగ్గించడం ఎంత తెలివైన పనో వేరే చెప్పాలా?

రంగులమ్మాయి తలుపు తీసుకుని బయటికి వచ్చింది. అప్పటికే దుకాణం చొక్కా వేసుకుని ఉంది. ముఖం ఎర్రబడింది.

"నే... నేను..." అంది.

"నువ్వేం బాధపడకు, మేం..." అని చెవులమ్మ అందుకోబోయింది.

ఆ అమ్మాయి అరచేయి అడ్డం పెట్టింది. చెవులమ్మ నోరు మూసింది. పాట ఇంకా మోగుతూనే ఉంది. నర్సక్క లోపలికి వెళ్ళి ఫోన్ నొక్కి ఆపి వచ్చింది. ముగ్గురూ నిలబడ్డారు. ఆ మాట రావడానికి చాలాసేపు పట్టింది. చెవులమ్మ పెదవులు రెండుసార్లు కదిలాయి, రెండుసార్లూ కొరుక్కుంది.

"న... నత్తి నాకు చి... చిన్నప్పటి నుంచీ ఉంది. ఒకటో తారీకు నుంచి న... నన్ను కౌంటర్‌లో నిలబెడతారు. అందుకే ప్రా... ప్రాక్టీసు చేసుకుంటున్నా. దానికీ పా... పాటకూ సం... సంబంధం లేదు."

"మరి పాట?" అంది చెవులమ్మ.

"ఇ... ఇష్టం."

"అంటే, అది వింటే మాట..."

"కాదు. ఇష్టం. అంతే." ఈ మూడు ముక్కలూ ఎక్కడా తట్టుకోకుండా వచ్చాయి. "మీ... మీటింగ్‌లో అదే చెప్పబోయా. ఏ... ఏడున్నరకి పెట్టుకుంటా, స... సౌండ్ తగ్గిస్తా అని. మీరు చె... చెప్పనివ్వలేదు. ఇ... ఇష్టమంటే ఆపించారు. జ... జబ్బంటే పెట్టారు."

కింద ఓనరుగారి దగ్గు వినబడింది.

నర్సక్క చేతిలోని బ్రష్షు ఊపుతూ, "ఏడున్నరకి నేను బస్సులో ఉంటా. నాకు ఫరవాలేదు. ఆదివారం మాత్రం తొమ్మిది దాకా వద్దు. చెవులమ్మా, నీ సంగతి?" అంది.

చెవులమ్మ 'సారీ' చెప్పింది. అంతకన్నా పెద్ద ఉపన్యాసం తయారుగానే ఉంది గానీ, ఆ అమ్మాయి ముఖం చూసి మింగేసింది. రంగులమ్మాయి వంటగది వైపు తిరిగి, "టీ... టీ పెట్టనా?" అంది. ఆ వాక్యాన్ని ఎవరూ పూర్తిచేయలేదు. అవునని మాత్రం ఇద్దరూ తలూపారు.

చూశారా పాఠకులారా! మన ఔదార్యానికి కొదువ లేదు. పక్కగది దగ్గును భరిస్తాం, ఏడుపును భరిస్తాం, ప్రసవ వేదనైనా భరిస్తాం. కన్నీళ్ళ కథ ఒకటి జతచేసి ఇస్తే చాలు, డబడబాను సైతం చెవులారా వింటాం. పక్కగదిలో మనిషి ఏ కారణమూ లేకుండా ఊరికే సంతోషంగా ఉంటే మాత్రం స్టూళ్ళు వేసి మీటింగ్ పెడతాం. సంతోషానికి డాక్టరు చీటీ ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నలుగురికీ పనికొస్తుంది.

ఒకటో తారీకు వచ్చింది. రంగులమ్మాయి కౌంటర్‌లో నిలబడింది. మొదటి రోజు ఒకాయన 'బ... బ...' దగ్గర విసుక్కుని పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయాడట. ఇంకొకావిడ ఓపికగా ఆగి, వంటగదికి, పడకగదికి కూడా రంగులు కొనుక్కుని వెళ్ళిందట. సాయంత్రం వంటగదిలో ఆ అమ్మాయి ఇవన్నీ చెబుతుంటే గంట పట్టింది. కూర మాడింది. ఎవరూ లేవలేదు.

మర్నాడు ఏడున్నరకు చెక్కకు అవతల కొత్త పాట మొదలైంది. ఈసారి గాయకుడు. ముక్కుతో కాదు, ఏకంగా కడుపులోంచి కేకలు పెడుతున్నాడు. పాతదానికన్నా వందరెట్లు ఘోరంగా ఉంది.

చెవులమ్మ దిండు తీసి చెవి మీద వేసుకుంది. ఓర్చుకోవడానికి ఈసారి ఆమె దగ్గర మంచి కారణమేదీ లేదు. దిండు కింద నుంచి గడియారం చూసింది. ఆ అమ్మాయి దుకాణానికి బయల్దేరడానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉంది.

సరే, కానీ అనుకుంది.