తొమ్మిది ఇళ్ళ కుళాయికి అభినందనలు

బిలాస్‌పూర్ తెలుగు రచయితల పరస్పర ప్రోత్సాహక సంఘం ఈ ఏడాది కూడా ఏ రచయితనూ నిరుత్సాహపరచకుండా దిగ్విజయంగా గడిపిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సంఘం పుట్టిన నాటి నుంచి ఇక్కడ ఒక్క రచన కూడా బాగాలేకుండా పోలేదు. ఇంతటి ఘనత తెలుగు రాష్ట్రాల్లోని పెద్ద సంఘాలకు సైతం లేదని మా అధ్యక్షులు కామేశ్వరరావు గారు ప్రతి సభలోనూ చెబుతారు. ఆయన రైల్వేలో టికెట్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం టికెట్టు లేనివాణ్ణి ఒక్కణ్ణీ వదల్లేదనీ, సాహిత్యంలోకి వచ్చాక ఒక్కణ్ణీ ఆపలేదనీ ఆయనకు పేరు.

ప్రతి ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనక గదిలో సమావేశమవుతాం. మొదటి అంశం వార్తలు. ఎవరేం రాశారు, ఎవరేం రాద్దామనుకుంటున్నారు, ఎవరికి రాయాలనిపించి తగ్గిపోయింది అనేవి ఇందులో వస్తాయి. రెండో అంశం ప్రోత్సాహం. మూడో అంశంగా రచనలు చదవడం అని పూర్వం ఒకటి ఉండేది కాని, ఆ సమయానికే సమోసాలు వస్తున్నందువల్ల దాన్ని ఏకగ్రీవంగా తొలగించాం.

వాట్సాప్ గ్రూపును మా కార్యదర్శి, బ్యాంకు మేనేజరు రమణమూర్తి గారు చూసుకుంటారు. ఎవరైనా కవిత పెడితే అది పూర్తిగా తెరుచుకునే లోపే దండాలూ చప్పట్లూ వచ్చిపడతాయి. ఒకసారి సత్యనారాయణ గారు ఇంట్లో కరెంటు పోయిందని లైన్‌మన్‌కు రాసిన మెసేజి పొరపాటున గ్రూపులో పడింది. "పొద్దున్నుంచి చీకటి. ఎన్నిసార్లు పిలిచినా పలకవు. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతున్నాయి." నేటి మనిషి ఒంటరితనానికి ఇంతకన్నా అద్దం లేదని సభ్యులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ ఏటి ఉత్తమ మినీ కవిత బహుమతి దానికే వచ్చింది. సత్యనారాయణ గారు ఒకసారి అభ్యంతరం చెప్పారు. రెండోసారి చెబితే సంఘం నొచ్చుకుంటుందని తీసుకున్నారు.

ఇటువంటి ఆరోగ్యకరమైన వాతావరణంలో హైమావతి గారు నిజంగానే నవల రాసేశారు.

ఆవిడ భర్త రవిచంద్ర లోకో పైలట్. ఆయన డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా వంటింటి గట్టు మీద కూర్చుని కొన్నేళ్ళపాటు రాశారు. నవల పేరు 'తొమ్మిది ఇళ్ళ కుళాయి'. రైల్వే క్వార్టర్లలో తొమ్మిది కుటుంబాలకు ఒకటే కుళాయి. అందులో బంగారమ్మ అనే ఆవిడ భర్త యార్డులో ప్రమాదంలో పోతాడు. ఆ ఉద్యోగం ఆమెకు వస్తుంది. క్వార్టరు తనకిమ్మని మరిది పేచీ పెట్టి, కుళాయి దగ్గర ఆమె పిల్లలకు నీళ్ళు పట్టనివ్వకుండా చేస్తాడు. చివరికి బంగారమ్మ వాణ్ణి క్షమించి ఇంట్లో ఒక గది ఇస్తుంది.

వార్తల సమయంలో హైమావతి గారు లేచి ఇదంతా చెప్పి, "నాకొక అనుమానం ఉందండీ. బంగారమ్మ చివర్లో మరిదిని క్షమించడం కుదిరిందా లేదా? ఎవరైనా చదివి చెబుతారా?" అని అడిగారు.

చదివి అనే మాట అక్కడ చాలాకాలం తర్వాత పుట్టింది.

కామేశ్వరరావు గారే తేరుకున్నారు. "అమ్మా, అనుమానం రచయితకు శత్రువు. నీ నవల అద్భుతం. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది, మళ్ళీ చదవడం దేనికి?" అన్నారు. చప్పట్లు మోగాయి. నవలను సంఘమే అచ్చు వేయించాలని అప్పటికప్పుడే తీర్మానమైంది.

హైమావతి గారు ఫోన్‌లో టైపు చేసిచ్చిన నవలను గోల్ బజార్‌లో పెళ్ళి శుభలేఖలు వేసే సాహూజీకి అప్పగించాం. "తెలుగూ? కోయీ దిక్కత్ నహీ," అన్నాడాయన. దిక్కత్, అంటే ఇబ్బంది, నిజంగానే ఆయనకు లేదు, ఆయన కంప్యూటరుకే ఉంది. దానికి తెలుగు అక్షరాలు తెలియవు. అక్షరం ఉండాల్సిన ప్రతిచోటా ఒక ఖాళీ గడి వేసింది. గడుల మధ్య ఎక్కడో ఒక సున్నా, ఎవరికీ చెందని ఒక దీర్ఘం, అక్కడక్కడా తప్పిపోయిన వత్తులు. దక్షిణాది లిపి ఇలాగే ఉంటుంది కాబోలనుకుని సాహూజీ భక్తితో ప్రూఫు పంపాడు. అధ్యక్షులు ప్రూఫు క్షుణ్ణంగా పరిశీలించి, వెనక అట్ట మీద తమ ఫొటో కొంచెం నల్లగా వచ్చిందని దిద్దించి, మిగతాదంతా అద్భుతం అని సంతకం చేశారు. ముందు అట్ట మీద పేరు చేత్తో రాయించింది కాబట్టి అది మాత్రం చక్కటి తెలుగులో వచ్చింది.

ఆవిష్కరణ సభకు ముఖ్య అతిథి జయప్రకాష్ గారు. ఢిల్లీలో విద్యుత్ శాఖలో పెద్ద హోదాలో ఉన్నారు. ఆయన చకర్‌భాటాలో విమానం దిగితే ఇద్దరు సభ్యులు దండలతో ఎదురెళ్ళారు. వేదిక మీద రంగు కాగితం చించి, పుస్తకాలు గుండెల దగ్గర పెట్టుకుని అందరూ ఫొటోకు నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు హైమావతి గారు తన ప్రతిని తెరిచారు.

ఒక పేజీ చూశారు. ఇంకో పేజీ తిప్పారు. చివరి పేజీకి పోయారు. తర్వాత పుస్తకం మూసి, ఎవరైనా ఇంకొకరు తెరుస్తారేమోనని అటూ ఇటూ చూశారు. అందరూ కెమెరా వైపే నవ్వుతున్నారు.

కార్యక్రమం నడుపుతున్నది రమణమూర్తి గారి అమ్మాయి మైత్రి. నవలలోంచి ఒక పేరా చదవమని నాన్నగారు సైగ చేస్తే, ఆ పిల్ల పుస్తకం తెరిచి కాసేపు తేరిపార చూసి, మైకులో, "సారీ ఆంటీ, ఇంత హై లెవెల్ తెలుగు ముఝే నహీ ఆతా," అంది. భాష అంత గ్రాంథికంగా కుదిరినందుకు సభ హర్షధ్వానాలు చేసింది.

జయప్రకాష్ గారు గొంతు సవరించుకున్నారు. "ప్రెస్సు వారు పంపిన పీడీఎఫ్‌ను విమానంలో ఒక్క గుక్కలో చదివాను. ఇది నవల కాదు, జీవితం. ఇందులో నీరు ఉంది, నిప్పు ఉంది. కొన్నిచోట్ల అక్షరాలు కనిపించలేదు. కళ్ళు చెమర్చాయి!" అన్నారు.

చివరికి మైకు హైమావతి గారి చేతికి వచ్చింది. నిజం చెప్పేద్దామని ఆవిడ నిశ్చయించుకున్నారు. "అందరూ నన్ను క్షమించాలి. ఈ పుస్తకంలో ఒక్క అక్షరం కూడా..."

"ఒక్క అక్షరం కూడా వృథా పోలేదు!" అంటూ అధ్యక్షులు వాక్యం పూర్తిచేశారు. శాలువా పడింది. జాతీయగీతం మొదలైంది.

ఆ తర్వాత కొన్ని వారాలు గ్రూపులో ప్రశంసలు ఆగలేదు. హైమావతి గారు వదలకుండా ప్రతి ఒక్కరికీ జవాబు రాశారు. "మీకు ఏ ఘట్టం నచ్చిందండీ?" ఒకరు అన్నీ అన్నారు. ఒకరు మధ్యలోది అన్నారు. రమణమూర్తి గారు, "ముఖ్యంగా మీ నిశ్శబ్దం," అన్నారు. అది మాత్రం సత్యానికి బాగా దగ్గరగా వచ్చింది.

ఇంట్లో భర్తను అడిగారు. "నేను హిందీ మీడియం కదా హైమా, తెలుగు చదవడం రాదు. కవర్ మాత్రం బహుత్ బఢియా," అన్నాడు రవిచంద్ర. పైగా షెడ్డులో అందరికీ తలొకటి పంచి వచ్చాడు. ఆవిడకు అన్నం సయించడం మానేసింది. అన్నేళ్ళు రాసిన నవల ఊరంతా ఇళ్ళలో ఉంది, ఎక్కడా లేదు. తను చెప్పకపోతే ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. చెప్పబోతే చప్పట్లు కొడుతున్నారు.

ఇలా ఉండగా ఉస్లాపూర్ నుంచి చిన్నమ్మి ఫోన్ చేసింది. ఆవిడ రవిచంద్రకు అక్క, హైమావతి గారికి వదిన; చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో ఉండి తెలుగు బడికి వెళ్ళింది. సంఘ సభ్యురాలు కాదు కాబట్టి సాహిత్య మర్యాదలు తెలియవు.

"ఒలే హైమా, నా కళ్ళు పోనాయే," అంది ఏడుపు గొంతుతో.

"అయ్యో, ఏమైంది వదినా?"

"ఏటైందో నాకేటి తెలుసు? నీ పుస్తకం పట్టుకుంటే అన్నీ డబ్బాలే అగుపిస్తన్నాయి. డాక్టరు కాడికెళ్ళినాను. ఆడు కొత్త అద్దాలిచ్చినాడు. ఎట్టుకున్నాను. డబ్బాలు ఇంకా పెద్దవయినాయి!"

"వదినా..."

"ఉండవే, సెప్పనీ. ఇడ్లీ రవ్వ పేకెట్టు మీద తెలుగు సదవగలుగుతున్నాను. కేలెండరు సదవగలుగుతున్నాను. నువ్వు రాసిందొక్కటే అగుపడ్డం నేదు. అచ్ఛా, నా మీద నీకేటైనా కోపమా?"

హైమావతి గారు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే ఏడ్చారు. అవతల చిన్నమ్మి, "నాను గుడ్డిదాన్నయిపోతంటే నవ్వుతావేటే?" అని కేకలేస్తోంది. ఒక్క మనిషి. పుస్తకం తెరిచి, చదవాలని చూసి, అది రాకపోతే తప్పు తన కళ్ళదే అనుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళిన ఒకే ఒక్క మనిషి.

మర్నాడే రాతప్రతి సంచిలో వేసుకుని ఆవిడ ఉస్లాపూర్ వెళ్ళారు. అక్కణ్ణుంచి రోజూ మధ్యాహ్నం వెళ్ళి, వరండాలో కూర్చుని కొంచెం కొంచెంగా చదివి వినిపించారు. చిన్నమ్మి చిక్కుళ్ళు ఒలుస్తూ వింది. కుళాయి దగ్గర బిందెల కొట్లాట వచ్చినప్పుడు చిక్కుళ్ళు కింద పడేలా నవ్వింది. బంగారమ్మ భర్త పోయిన చోట, "ఆగు," అని లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. చివరి పేజీ అయిపోయాక లేచి చిక్కుడు తొక్కలు చేటలోకి ఎత్తసాగింది.

"బాగోలేదా వదినా?"

"అంతా బాగున్నాది. సివర మాత్తరం అబద్దం."

హైమావతి గారి మొహం కందిపోయింది. "అదేంటి?"

"ఆడు పసిపిల్లలకి నీళ్ళు నేకుండా సేసినాడు. అలాంటోడికి గదిస్తాదేటి? ఇయ్యదు. నువ్వు మంచిదానివని నలుగురూ అనుకోవాలని నువ్విచ్చినావు. దానికేటి కర్మ?"

ఇంటికి వచ్చే ఆటోలో హైమావతి గారికి మొదట ఒళ్ళు మండింది. వదినకు సాహిత్యం ఏం తెలుసు అనుకున్నారు. తోవలో గేటు పడి గూడ్సు బండి ఒకటి మెల్లగా పోతుంటే, ఆ డబ్బాలను చూస్తూ, బంగారమ్మ నిజంగా ఏం చేస్తుందా అని ఆలోచించారు. బండి దాటే సరికి తెలిసిపోయింది. ఆ వారంలోనే ముగింపు మార్చేశారు. బంగారమ్మ గది ఇవ్వలేదు.

తర్వాత ఆదివారం సమావేశంలో ఆవిడ నిలబడి, ఎవరూ చప్పట్లు కొట్టే వీలు లేకుండా, మొదటి మాటే గట్టిగా చెప్పేశారు. "మన పుస్తకంలో అక్షరాలు లేవు. అన్నీ డబ్బాలు."

సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అధ్యక్షులు దయగా నవ్వారు.

"మాకు తెలుసమ్మా. నువ్వు నిరుత్సాహపడతావని ఊరుకున్నాం."

అందరూ తలలూపారు. సత్యనారాయణ గారు, అది కొత్త ప్రక్రియ అనుకున్నానని ఒప్పుకున్నారు. ఇంతటి ఔదార్యానికి సంఘం తనను తాను అభినందించుకుని, రెండో ముద్రణ విశాఖపట్నంలో వేయించడానికి తీర్మానించింది.

అక్కడే పొరపాటు జరిగింది. కొత్త పుస్తకాలు రాగానే, ఈసారి అక్షరాలు ఉన్నాయో లేదో చూద్దామని సభ్యులంతా తెరిచారు. అక్షరాలున్నాయి. ఉన్న అక్షరాన్ని చూస్తే పక్కదాని మీదికి చూపు జారుతుంది. అలా జారి జారి సమోసాలు చల్లారిపోయాయి.

సంఘ చరిత్రలో ఇటువంటి ఉపద్రవం ఇదే మొదటిసారి. కామేశ్వరరావు గారికి నవలలో ఒక ఇన్‌స్పెక్టరు కనబడ్డాడు. జనం నీళ్ళకు కొట్టుకుంటుంటే వాడు గొట్టం పెట్టి గులాబీలు తడుపుకుంటాడు. "నేను జన్మలో గులాబీలు పెంచలేదు! బంతి మొక్కలు పెంచాను!" అని ఆయన ఎవరూ అడగకుండానే అరిచారు. మరిదికి గది ఇవ్వకపోవడం కుటుంబ వ్యవస్థకు గొడ్డలిపెట్టని సత్యనారాయణ గారు గ్రూపులో రాశారు. ఆ రాసింది చదివి, వారి భార్య సౌభాగ్య గారు పెళ్ళయిన తర్వాత మొదటిసారి ఆయన్ను తెలివితక్కువవారని అదే గ్రూపులో అన్నారు. రమణమూర్తి గారు గ్రూపును తాత్కాలికంగా మూసేయాల్సి వచ్చింది. సభ్యుల మనోభావాల దృష్ట్యా హైమావతి గారికి ఇస్తున్న ప్రోత్సాహాన్ని సంఘం తక్షణం ఉపసంహరించుకుంది.

ప్రస్తుతం ఆవిడ పరిస్థితి దయనీయం. బుధవారీ బజారులో కూరగాయలకు వెళ్ళినా వదలడం లేదు. మొన్న అప్పలనర్సమ్మ అనే పెద్దావిడ, మనవడి చేత చదివించుకున్నదట, చెయ్యి పట్టుకుని ఆపేసింది. "నువ్వేనా తల్లీ ఆ కుళాయి రాసినది? మరి బంగారమ్మ పెద్ద కూతురు ఏటైపోనాదో సెప్పనేదు. అలాగొదిలేత్తే ఎలాగ?" అని నిలదీసింది. ఎండలో నిలబడి ఇద్దరూ వాదించుకున్నారు. హైమావతి గారు కూరలు కొనడం మరిచిపోయి, వాకిట్లోకి వస్తూనే కాగితాలెక్కడున్నాయని కేకేశారు. రవిచంద్ర మూడు రోజులుగా పప్పుచారు తింటున్నాడు. పెద్ద కూతురి మీద రెండో నవల మొదలైందని వార్త.

కనుక పాఠక మహాశయులకు సంఘం తరఫున ఒక విన్నపం. మీ వీధిలో ఎవరైనా రాస్తున్నట్టు తెలిస్తే అభినందించి ఊరుకోండి. చదివారంటే ఇంకొకటి రాస్తారు.