మాట్లాడే దిండు

మనవరాలు పది రోజుల శిబిరానికి బ్యాగు సర్దుకుంటోంది. దాని కుడికాలి బూటు నా శాలువా కింద ఉంది.

నవ్వకండి. జిప్పు చప్పుడు వింటే నా గుండె జారిపోతుంది. చిన్నప్పుడు మా ఇంట్లో సర్దిన సంచీ ఒకటి తిరిగి రాలేదు.

మా అబ్బాయి మనస్తత్వ పరిశోధకుడు. కుటుంబాల గొడవలు తీరుస్తాడు, పిల్లల మనసులు ఎలా ఎదుగుతాయో పుస్తకాలు రాస్తాడు. సొంత పిల్ల మనసు మాత్రం గదిలో తలుపేసుకుని ఎదుగుతోంది.

ఇంట్లో వాడు పెట్టిన నియమం ఒకటుంది. కుటుంబ సమావేశంలో సోఫా దిండు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి.

"నా బూటు కనబడట్లేదు!" అంది మనవరాలు.

వాడి ముఖం వెలిగిపోయింది. "ఇది బూటు సమస్య కాదమ్మా, బెంగ. దిండు తెండి!"

"బస్సుకి అరగంటే ఉందండీ," అంది కోడలు.

"దిండు లేకుండా మాట్లాడుతున్నావు."

"పద్దెనిమిదేళ్ళు దిండు లేకుండానే కాపురం చేశాను."

వాడు వినిపించుకోకుండా కాగితం తీశాడు. "చెప్పు తల్లీ, నీ బెంగకి పదికి ఎన్ని మార్కులు?"

"సున్నా."

"సున్నా అంటే లోపల అణిచేసుకున్నావన్నమాట. తొమ్మిది వేస్తున్నాను."

"ఎవరో దాచేసుంటారు," అంది కోడలు, నావైపు చూస్తూ.

"అదే దాచింది. దాచినట్టు దానికే తెలియదు. మనసు అలాంటి పనులు చేస్తుంది."

వాణ్ణి చదివించినందుకు మొదటిసారి నాకు లాభం కలిగింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పరిశోధకుడేం పడతాడు? నా బెంగకి పదికి ఎన్నని మాత్రం వాడు అడగలేదు.

మనవరాలు దిండు అందుకుంది. ఏదో చెబుతుందని అందరం చూస్తున్నాం. అది దిండును బ్యాగులో కుక్కి, జిప్పు లాగేసింది.

వాడు నోరు తెరిచాడు. నియమం గుర్తొచ్చి మూసేశాడు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మనవరాలు వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. లేచేసరికి బూటు దాని చేతిలో ఉంది.

"నాన్నమ్మా, పదో రోజుకి వచ్చేస్తాను. ఇప్పుడు నేనే మాట్లాడాలి, దిండు నా దగ్గరుంది."

పదో రోజు సాయంత్రం మనవరాలు వచ్చింది. దిండూ వచ్చింది.

చిన్నప్పుడు ఇలాగే నన్ను వాటేసుకుని సంచీతో వెళ్ళిన మా అక్క మాత్రం తిరిగి రాలేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ రోజు సోమవారం.