జాతరకు మిగిలిన బెల్లం

ఆ వానాకాలం మొదట్లో దేవేందర్ చేతిలో ఉన్నవి ఇవి: శామీర్‌పేట చౌరస్తాలో ఒక కిరాణా కొట్టు, వాయిదాలు తీరిపోయిన ట్రాలీ ఆటో, తనకన్నా ముందుచూపున్న భార్య వినోద, అమ్ముడుపోని డజను బస్తాల బెల్లం. మొదటి మూడింటితో అతనికి ఏ ఇబ్బందీ లేదు.

బెల్లం మేడారం జాతర కోసం కొన్నది. జాతరకు పోయేవాళ్లు అమ్మవార్లకు నిలువెత్తు బెల్లం తూచి ఇస్తారు. ఆ బండ్లన్నీ కరీంనగర్ రోడ్డు మీద తన కొట్టు ముందునుంచే పోతాయని దేవేందర్ లెక్క వేశాడు. జనం వరంగల్ రోడ్డున పోయారు. ఎండలకు బెల్లం మెత్తబడింది, తొలి వానలకు నల్లబడింది. నల్లబెల్లం అంటే గుడుంబా కాచేవాళ్ల సరుకు. ఎక్సైజు ఎస్సై ఒకరోజు కొట్టుకు వచ్చి, బస్తాలను లాఠీతో తట్టి చూసి, కిలో అరకిలో అమ్ముకోమని, ఒక్క బస్తా కదిలిందని తెలిసినా కొట్టుకు తాళం వేస్తానని చెప్పిపోయాడు. కిలో అరకిలో అమ్మితే అది తరిగేలోపు ఇంకో రెండు జాతరలు వస్తాయి.

అలాంటప్పుడు రాజారావు గారు వచ్చారు. కాకినాడ వైపు మనిషి. ఉద్యోగమంతా అల్వాల్‌లో అద్దె ఇంట్లో ఉండి చేసి, రిటైరయ్యాక శామీర్‌పేట దాటి కొత్తగా వెలిసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఇల్లు పూర్తయ్యాక ఆయనకు సేంద్రియ వ్యవసాయం పట్టుకుంది. వారం మధ్యలో ఒక బెల్లం ముద్ద కొనుక్కుపోయి, పేడ, ఆవు పంచితం, శనగపిండి కలిపి డ్రమ్ములో జీవామృతం నానబెట్టారు. అది బ్రహ్మాండంగా నురగ కట్టిందట. శనివారం మళ్లీ వచ్చి బస్తాల వైపు ఆశగా చూశారు.

"బెల్లం ఎంత నల్లగా ఉంటే నేలకి అంత మంచిదండీ. మీ దగ్గరున్నదంతా నాకే కావాలి," అన్నారు.

సరుకు పాడైందని బేరం ఆడేవాళ్లను దేవేందర్ చాలామందిని చూశాడు. పాడైందని మెచ్చుకునేవాడిని చూడటం అదే మొదలు. ఆదివారం పొద్దున తన ఇంటి పక్క ఖాళీ జాగాలో రైతులకు ఉచిత శిక్షణ పెట్టానని, వచ్చినవాళ్లకు ఎకరానికి సరిపడా బెల్లం కాలనీ సంఘం డబ్బుతో కొని ఊరికే ఇస్తామని రాజారావు గారు వివరించారు. చుట్టుపక్కల ఊళ్లలో కరపత్రాలు కూడా పంచారు.

వినోద మాత్రం ముందు ఎస్సైకి ఒక మాట చెప్పి పంపమంది.

"ఎస్సైకి చెప్తే వద్దంటడు. చెప్పకుంటే వద్దన్నట్టు గాదు గద," అన్నాడు దేవేందర్.

"గంత సక్కటి పనైతే తవుడు బస్తాలెందుకు దించుతున్నవ్?"

తవుడు బస్తాలు దించుతున్నది బెల్లం మీద కప్పడానికి. కింద బెల్లం, పైన తవుడు, దాని పైన పట్టా. ఎవరు చూసినా పశువుల దాణా అనుకోవాలి. ఆదివారం పొద్దుటికి ఇదీ దేవేందర్ పథకం. అందులో ఎండను లెక్కలో వేసుకోలేదు. రాత్రి వాన వెలిసి పొద్దున్నే చురుక్కుమని ఎండ కాసింది. పట్టా కింద వేడికి మెత్తటి బెల్లం కరిగి, ట్రాలీ సందుల్లోంచి చుక్క చుక్కగా రాలుతూ, చౌరస్తా నుంచి కాలనీ దాకా రోడ్డు మీద నల్లటి గీత గీసుకుంటూ పోయింది.

ఆ గీతను మొదట చూసింది సిద్దమ్మ. ఒకప్పుడు గుడుంబా కాచి, మోకాళ్ల నొప్పులొచ్చి మానేసిన మనిషి. వంగి, వేలికి అద్దుకుని, నాలుక మీద పెట్టుకుంది. జాతర ముందటి బెల్లం, గీత పొడవును బట్టి బస్తాల లెక్కన పోయింది, అంటిన పొట్టును బట్టి తవుడు కింద పోయింది. ఈ మూడూ కలిపితే ఆమెకు వచ్చిన మొత్తం ఒకటే. కాలనీలో పెద్ద సార్లు కొత్త బట్టీ పెట్టారు. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, బోరింగు దగ్గర ఉన్నవాళ్లకు తప్ప.

కాలనీలో రాజారావు గారు అప్పటికే దిగులుగా ఉన్నారు. అద్దె కుర్చీలు వరుసగా వేయించారు. డ్రమ్ముకు పసుపు కుంకుమ పెట్టించారు. పేడ, పంచితం సరఫరా చేసిన గౌరయ్య తన ఎర్రావును కూడా తెచ్చి జాగాలో కట్టేశాడు. వచ్చింది మాత్రం గులాబీ మొక్కలకు చీడ పట్టిందని అడగడానికి నలుగురు కాలనీ ఆడవాళ్లు. దేవేందర్ బస్తాలు దించి వెళ్లబోతుంటే, కనీసం ఒక కుర్చీ నిండుతుందని రాజారావు గారు అతన్ని కూర్చోబెట్టి ఉప్మా పెట్టించారు.

ఉప్మా సగంలో ఉండగా రైతులు రావడం మొదలైంది. ముందు ఇద్దరు, వెనక ఐదుగురు, ఆ వెనక సిద్దమ్మ, ఆమె వెనక జాగా సగం నిండేంత మంది. అందరి కళ్లూ నేల మీదే ఉన్నాయి. తువ్వాళ్ల కింద ఖాళీ సీసాలు ఉన్నాయి. రాజారావు గారి కళ్లు చెమర్చాయి. కరపత్రం ఇంత పనిచేస్తుందని ఆయన అనుకోలేదు. అందరినీ కూర్చోబెట్టి డ్రమ్ము మీది గోనెపట్టా తీశారు. లోపల బుసబుస పొంగుతోంది. ముందు వరుస మెడలు సాచింది.

కలిపిన రోజే వాడకూడదని, రెండు రోజులు పులియాలని, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలని ఆయన చెబుతుంటే జనం తలలూపారు. మైసమ్మ గుడి దగ్గర్నుంచి నడిచి వచ్చిన ఒకతను, మంచిగ చెప్తుండు, తెలిసిన మనిషే అని పక్కవాడితో అన్నాడు. దేవేందర్‌కు అప్పుడు అర్థమైంది. వీళ్లలో సగం మందికి పొలం లేదు. ఉన్న సగం మంది ఆదివారం దాని మొహం చూడరు. ప్లేటులోనే చెయ్యి కడుక్కుని, దాన్ని పట్టుకుని మెల్లగా లేచాడు.

అప్పటికే గేటు ముందు జీపు ఆగింది. కానిస్టేబుల్ శంకరయ్య చాయ్ హోటల్లో కూర్చుని రోడ్డు మీది గీతను పట్టించుకోలేదు. కానీ పొద్దున్నే ఇంతమంది ఖాళీ సీసాలతో ఒకే దిక్కుకు, అంత హుషారుగా నడవడం ఆయన నౌకరీలో చూడలేదు. ఎస్సైకి ఫోన్ చేశాడు.

ఎస్సై జీపు దిగి, బెల్లం బస్తాలను చూశాడు, ట్రాలీలో తవుడు బస్తాలను చూశాడు, డ్రమ్మును చూశాడు, తర్వాత దేవేందర్‌ను చూశాడు.

"ఏంది సేటూ, తాళం నీదగ్గరున్నదా, నన్నే తెమ్మంటవా?"

రాజారావు గారు మాట్లాడబోయారు. ఎస్సై ఆగమని చెయ్యెత్తి శంకరయ్యకు సైగ చేశాడు. గుడుంబాకి పులియబెట్టిన ఊట రుచి చూసి అది ఎన్ని రోజులదో, రేపు కాస్తే ఎంత సారా దిగుతుందో నాలుకతో చెప్పగలడని శంకరయ్యకు మేడ్చల్ దాకా పేరు. ఆయన చొక్కా చెయ్యి మడిచి, డ్రమ్ములో వేలు ముంచి, కళ్లు మూసుకుని చప్పరించాడు. కళ్లు తెరవలేదు.

"నాలుగు రోజులది," అన్నాడు కాసేపటికి. "గని ఏదో తేడగున్నది సార్."

"పది లీటర్లు గోమూత్రమండీ, పది కిలోల పేడ," అన్నారు రాజారావు గారు వినయంగా.

"మా ఎర్రావుదే," అన్నాడు గౌరయ్య. "పచ్చిగడ్డి తప్ప ఏం తినదు సార్."

శంకరయ్య నీళ్ల కుండీ వైపు నడిచాడు. తొందరపడకుండానే నడిచాడు, కానీ చాలాసేపటిదాకా తిరిగి రాలేదు.

ఎస్సై నవ్వలేదు. ఒక డ్రమ్ముకు ఒక ముద్ద చాలు, మిగతా బస్తాలు ఎవరికని అడిగాడు. రైతులకని రాజారావు గారు చూపించారు. ఎస్సై వరుస వరుసా చూశాడు. ముందు వరుసలో ఒకడి తువ్వాలు జారి సీసా బయటపడింది. ఇక ఈ జనం నోట ఏం వస్తే దాని మీదే కొట్టు ఉంటుందా మూతపడుతుందా అన్నది తేలుతుందని దేవేందర్‌కు తెలిసింది. వాళ్లు నిజం చెబితే కొట్టు పోతుంది, వాళ్లూ ఇరుక్కుంటారు. ఆ రెండో సంగతి వాళ్లకూ తట్టాలని అతను ఉప్మా ప్లేటు పట్టుకుని దేవుణ్ణి వేడుకున్నాడు.

"అవ్వా, నువ్వు చెప్పు. ఎందుకొచ్చిన్రు?" అన్నాడు ఎస్సై సిద్దమ్మతో. ఆమె ఆయనకు పాత పరిచయమే.

సిద్దమ్మ కొంగు సర్దుకుంది. "ఎవుసం నేర్సుకుందామని బిడ్డా."

"మరి గీ సీసలు?"

"గా నీళ్లు పట్టుకపోనీకి. ముందుగాల జరంత ఏసి చూస్తం. మంచిగుంటె మల్లొస్తం."

అందరూ ఒకేసారి అవునన్నారు. ఎస్సై వాళ్లను కాసేపు చూసి, ఒక కుర్చీ లాక్కుని గేటుకు అడ్డంగా వేసుకున్నాడు.

"అట్లనా. అయితె నేర్సుకోండ్రి. నేను గూడ చూస్త. ఆఖరుదాంక ఎవ్వరు లేవద్దు."

ఎవరూ లేవలేదు. రాజారావు గారికి జీవితంలో అంత శ్రద్ధగల శ్రోతలు దొరకలేదు. మట్టి గురించి, వానపాముల గురించి, ఆకులతో నేల కప్పడం గురించి మధ్యాహ్నం దాటేదాకా చెప్పారు. తాగడానికి వచ్చినవాళ్లు చేతులతో పేడ కలిపారు, కర్రతో తిప్పారు, అడిగితే తిరిగి ఒప్పజెప్పారు. ఒకడు తన సందు వెనక రెండు మళ్లు బీడు పడ్డాయని, వాటికెంత పొయ్యాలని నిజంగానే అడిగాడు. ఆ తర్వాత ఇంకొకడు అడిగాడు. సాయంత్రం అయ్యేసరికి ఒక్కొక్కరూ సీసా నిండా జీవామృతం, భుజాన బెల్లం ముద్ద పెట్టుకుని ఎస్సై ముందునుంచి నమస్కారం చేసుకుంటూ పోయారు.

అందరూ పోయాక ఎస్సై దేవేందర్‌ను పక్కకు పిలిచాడు. తాళం మాటే వస్తుందనుకుని దేవేందర్ తన తరఫు సంజాయిషీలన్నీ వరుసగా పేర్చుకున్నాడు. ఎస్సై మేడ్చల్ దగ్గర మామగారి ద్రాక్షతోట గురించి మాట్లాడాడు. ఎన్ని మందులు కొట్టినా మూడేళ్లుగా ఆకు ఎర్రబడుతోందట. గుత్తి నిలవడం లేదట.

"మిగిలింది నా జీపుల ఎయ్యి," అన్నాడు. "ఇగనుంచి గీ సార్ రాసిచ్చినోళ్లకు బస్తలైనా అమ్ముకో. గని తవుడు కింద దాచకు. గది చూస్తెనే నాకు పరేషాన్ అయితది."

చివరి రెండు బస్తాలు సర్కారు జీపులో, పట్టా లేకుండా, పైకి కనిపించేలా చౌరస్తా మీదుగా పోయాయి. దేవేందర్ దొరికిపోయాడని ఊరంతా అనుకుంది. ఒక్క వినోద మాత్రం, జీపు వెనకే దేవేందర్ ఈల వేస్తూ ఉత్త తవుడు బస్తాల ట్రాలీతో రావడం చూసి, పొద్దున్నుంచి మూసి ఉంచిన కొట్టు తెరిచింది.

ఆఖరు లెక్క ఇలా తేలింది. దేవేందర్‌కు బెల్లం పోయింది, కొట్టు నిలిచింది, ఎరువుకని నల్లబెల్లమే అడిగే గిరాకీ కొత్తగా వచ్చింది. రాజారావు గారికి శిష్యులు దొరికారు. ద్రాక్షతోట ఆ ఏడు కాస్త పచ్చబడింది. ఎక్సైజు వాళ్లకు వచ్చిన లాభం ఒక్కటే: అప్పట్నుంచి శంకరయ్య ఏ డ్రమ్మునైనా ముందు వాసన చూసి, ఆ తర్వాతే వేలు ముంచుతున్నాడు.