రేపరు వాళ్ళది, రుచి మాది

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. ఇచ్చారుగా? సరే, వినండి.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంగ్లండులో మన హాలిఫాక్స్ ఫ్యాక్టరీలో చాక్లెట్ కరిగించి, అచ్చుల్లో పోసి రిటైరైన హెడ్లీ క్రాబ్‌ట్రీ అనే పెద్దమనిషి, అంటే నేనే, పెళ్ళి మాత్రం అమెరికా ఆవిడని చేసుకున్నాడు. కథంతా అక్కడ మొదలైంది.

మొదటిసారి ఒహాయోలో అత్తవారింటికి వెళ్ళినప్పుడు మా అత్తగారు ఓర్లీన్ వాళ్ళ దేశపు చాక్లెట్ చేతిలో పెట్టింది. కొరికాను. విరిగిన పాల పులుపు నాలిక మీంచి చెవుల దాకా పాకింది. ఆవిడేమో నా మొహంకేసి ఆశగా చూస్తోంది.

"చాలా ప్రత్యేకంగా ఉందండీ" అన్నాను.

మన యార్క్‌షైర్‌లో ఆ మాటకి 'ఈ జన్మకిది చాలు' అని అర్థం. ఒహాయోలో 'ఇంకా పంపండి' అనిట. నాకేం తెలుసు! అప్పట్నించి తొమ్మిదేళ్ళుగా నెల తిరిగేసరికి ఇంటికి పార్సెల్ వస్తోంది.

"మీ అమ్మకి నిజం చెప్పెయ్యవే" అన్నాను మా ఆవిడ మార్‌జీన్‌తో.

"చెబుతా. ఆవిడ ఏడిస్తే మాత్రం నువ్వే ఓదార్చాలి."

అమ్మో! ఏడ్చేవాళ్ళని ఓదార్చడంకన్నా చాక్లెట్ దాచెయ్యడం మనవాళ్ళకి సులువు. ప్రతి పార్సెల్నీ పెరట్లో షెడ్డులోకి తీసుకెళ్ళి రేకు డబ్బాలో పడేసేవాణ్ణి. మళ్ళీ నెలకి డబ్బా ఖాళీ. ఎలుకలనుకున్నాను. ఇంగ్లండులో పుట్టి ఇదేం రుచే మీకని వాటిని తిట్టుకునేవాణ్ణి కూడా.

ఈ వసంతంలో అత్తగారే స్వయంగా దిగింది, మూడు వారాలకి, పెట్టెలో రెండు డజన్ల చాక్లెట్ పలకలతో. మొదటిరోజు టీ వేళ మన చాక్లెట్ ఒకటి గర్వంగా ఆవిడ ముందు పెట్టాను. ఓ మూల కొరికి పక్కన పెట్టేసింది.

"మరీ జిడ్డుగా ఉంది నాయనా. మీ దేశంలో అన్నీ మెత్తమెత్తనే, మాటలతో సహా."

నన్నంటే పడతాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ నా చేతి పనిని అంటే పడతానా? ఒళ్ళు మండిపోయింది. ఈవిడ నోటితోనే 'మీ చాక్లెట్ బావుంది' అనిపించకపోతే నా పేరు హెడ్లీ కాదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆదివారం తల్లీకూతుళ్ళు ప్రార్థనకి చాపెల్‌కి వెళ్ళగానే పనిలోకి దిగాను. ఆవిడ తెచ్చిన పలకల రేపర్లు చిరక్కుండా విప్పాను. గోరువెచ్చటి ఇస్త్రీపెట్టెతో మడతలు తీశాను. మన చాక్లెట్ కరిగించి, చలవరాతి మీద పరిచి చల్లార్చి, ఫ్యాక్టరీవాళ్ళు రిటైరైనప్పుడిచ్చిన పాత అచ్చుల్లో పోశాను. ఆరాక ఒకటి విరిచి చూస్తే టక్కుమంది. చెయ్యి ఏమీ మరిచిపోలేదు. అన్నీ వాళ్ళ రేపర్లలో చుట్టేసి, అసలువి షెడ్డులో పడేశాను.

"ఏమిటీ వాసన?" అంది మార్‌జీన్ వస్తూనే.

"కోకో పొంగింది. తుడిచేశాలే."

"అడక్కుండా పొయ్యి తుడిచావంటే ఏదో తప్పు చేసే ఉంటావు" అని మేడెక్కేసింది.

టీ దగ్గర అత్తగారు ఓ పలక విప్పింది. ఒక ముక్క తింది. కళ్ళు మూసుకుంది. రెండో ముక్క, మూడోది, పలకంతా అయిపోయింది!

"ఒసేయ్ మార్‌జీన్, మన కంపెనీవాళ్ళు ఏం చేశారే! ఇంత కమ్మగా నా చిన్నప్పుడు కూడా లేదు. చూశావా నాయనా, చాక్లెట్టంటే ఇదీ! మీవాళ్ళు ఏడేళ్ళు మా ఊళ్ళో శిష్యరికం చెయ్యాలి."

పళ్ళు బిగబట్టుకున్నాను. బాగా తిననీ, తర్వాత చెబుదామనుకున్నాను. తినడంతో ఊరుకుందా? ఒహాయోలో తన బొంతలు కుట్టే సంఘానికి ఫోన్ చేసి, ఇరవై ఇద్దరు ఆడవాళ్ళకి వాళ్ళ దేశపు చాక్లెట్ గొప్పతనం వర్ణించింది. అంత కమ్మటిది అక్కడ కొట్లలో దొరకడం లేదని వాళ్ళంటే, తిరిగొచ్చేటప్పుడు డబ్బాడు తెస్తానని మాటిచ్చేసింది. బుధవారం కాగితమూ కలమూ తీసింది.

"కంపెనీ అధ్యక్షుడికే రాస్తున్నా. ఓ పలక కూడా జతచేసి పంపుతా."

ఇక ఆగితే లాభం లేదని లేచి నిలబడ్డాను.

"అత్తగారూ! మూడు రోజులుగా మీరు తింటున్నది మా చాక్లెట్. ఈ చేతుల్తో పోశాను. రేపరొక్కటే మీది. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరి దగ్గర శిష్యరికం చెయ్యాలో!"

నా జన్మలో అంత గట్టిగా మాట్లాడలేదు. ఆవిడ కలం కింద పెట్టింది.

"మరి నేను తెచ్చినవో?"

"షెడ్డులో ఉన్నాయండీ. మీరు పంపినవి కూడా అక్కడే పెట్టేవాణ్ణి. తొమ్మిదేళ్ళుగా ఒక్క ముక్క నోట పెట్టలేదు, క్షమించండి."

"ఒక్క ముక్క కూడానా? మరి నెలనెలా కార్డు రాసేదెవరు? 'అత్తయ్యా, మీ చాక్లెట్ లేందే నిద్ర పట్టడం లేదు, ఈసారి ఇంకో ఆరు ఎక్కువ పంపండి, ఇట్లు మీ హెడ్లీ' అని?"

అనుకోకుండా ఇద్దరం ఒకేసారి మార్‌జీన్‌కేసి తిరిగాం. మా ఇంట్లో ఎవరికి కృతజ్ఞతల కార్డు వెళ్ళాలన్నా రాసేది తనే. అప్పటికే తన బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. తాపీగా నమిలి మింగింది.

"నాకు చిన్నప్పట్నించీ అదే ఇష్టం. నేనడిగితే పళ్ళు పాడవుతాయంటావు. అల్లుడడిగితే కిలోలకి కిలోలు పంపుతావు. మరేం చెయ్యనమ్మా?"

"అయితే షెడ్డులో ఎలుకలు..." అన్నాను.

"ఏ ఎలుకలు?" అంది మా ఆవిడ.

ఇక అత్తగారు ఏడుస్తుందేమోనని జేబురుమాలు తీసి పట్టుకున్నాను. ఆవిడ ఏడవలేదు సరికదా, కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"జరిగిందేదో జరిగింది. మా దేశపు చాక్లెట్టని ఇరవై ఇద్దరికి చెప్పుకున్నాను నాయనా. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళదని చెప్పి తలదించుకోమంటావా? చచ్చినా చెప్పను. డబ్బా నిండా పోసియ్యి."

"మీ రేపర్లలోనా?"

"మా రేపర్లలోనే."

"పోనీ, బావుందని ఒప్పుకున్నట్టేగా?"

"బావుంది. మా దేశపు చాక్లెట్ చాలా బావుంది!"

ఆవిడ వెళ్ళి మూడు నెలలైంది. ఇప్పటికీ నెలనెలా ఒహాయోనించి పార్సెల్ వస్తోంది. మా ఆవిడ దర్జాగా అందరి ముందూ తిని, రేపర్లు సాపు చేసి నాకిస్తుంది. నేను మన చాక్లెట్ పోసి, వాటిలో చుట్టి ఒహాయోకి, అత్తగారికి పంపుతాను. నిన్న ఆ బొంతల సంఘంవాళ్ళ దగ్గర్నించి నాకో ఉత్తరం వచ్చింది. 'ఇలాంటి చాక్లెట్ ఇంగ్లండువాళ్ళు ఏడు జన్మలెత్తినా చెయ్యలేరు, పాపం మీరైనా ఒకసారి రుచి చూడండి' అని ఇరవై ఇద్దరూ సంతకాలు పెట్టారు. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పొయ్యి వెలిగించాను.